మిరపకోతకు వెళ్ళిన పాసేజీ

కొత్తగా ఇంగ్లీషు టీచర్లయిన పిల్లలు అప్పుడప్పుడూ మార్కాపురంలో మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన మనిషి దగ్గర ఏదో కిటుకు దాగి ఉంటుందని వాళ్ళ నమ్మకం. టీ తాగాక గొంతు సవరించుకుని, "మేడం, కాంప్రహెన్షన్ మీరు ఎలా చెప్పేవారు?" అని అడుగుతారు. ఫోనులో చెప్పాను, మిరపకోత ముఠాకు చెప్పాను, వాళ్ళ అన్నం ఉడికేలోపల చెప్పాను అంటే నవ్వుతారు. నేను నవ్వించడానికి అనలేదు. అసలు అందులో నేను చెప్పింది తక్కువ, మాటలు పడింది ఎక్కువ.

ముందు నా సంగతి తెలియాలి. నేను కథలు చెప్పే మనిషిని కాను. కన్నపిల్లలకే చెప్పలేదు. అన్నం తినమని మారాం చేస్తే చందమామను పిలవకుండా కంచం తీసేసేదాన్ని. మరుసటి పూట వాళ్ళే తినేవాళ్ళు. క్లాసులోనూ అదే పద్ధతి. వ్యాకరణం సూత్రం చెప్పాలి, పది వాక్యాలు రాయించాలి, తప్పు చేసినవాళ్ళను నిలబెట్టాలి. నా క్లాసులో ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడే ఉండేవారు కాబట్టి నేను బాగానే చెప్తున్నానని అనుకునేదాన్ని.

మా హైస్కూలు కొనకనమిట్ల మండలంలో ఒక ఊళ్ళో ఉండేది. మార్కాపురం నుంచి బస్సు, బస్సు దిగాక ఆటో. వానను నమ్ముకున్న ఊరు. వాన పడితే కంది, పడకపోతే వలస. క్రిస్టియన్ పేటలో కొత్త సంవత్సరం ప్రార్థనలు ముగిసిన నాలుగు రోజులకు కూలీల ముఠాలు గుంటూరు వైపు మిరపకోతకు బయలుదేరేవి. ముఠాలతోపాటు మా పిల్లలు. జనవరి సగానికి వచ్చేసరికి పదో తరగతి గదిలో బెంచీలు ఎక్కువ, పిల్లలు తక్కువ.

ఆ ఏడు వెళ్ళినవాళ్ళలో ఒక అమ్మాయి ఉంది. తండ్రి లేడు. తల్లి కూలికి పోతుంది. వయసొచ్చిన పిల్లను ఇంట్లో ఒంటరిగా వదలలేక వెంట తీసుకుపోయింది. హాస్టల్లో పెట్టమంటే ఖాళీ లేదన్నారు. అమ్మాయి మిగతా సబ్జెక్టుల్లో ఎలాగో నెట్టుకొస్తుంది. ఇంగ్లీషుకు వచ్చేసరికి ఆమెది ఒక ప్రత్యేకమైన పద్ధతి. పాసేజీ కింద ఏ ప్రశ్న అడిగినా పాసేజీలో మొదటి వాక్యం ఎత్తి రాసేది. అది తప్పంటే రెండో వాక్యం. ఏదో ఒకటి తగలకపోదని ఆమె ధైర్యం.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. పదో తరగతి ఇంగ్లీషు పేపర్లో ముందుగా పాసేజీ ఇస్తారు. ఏదో పెద్ద రచనలోంచి కోసి తెచ్చిన ముక్క. దానికి తల ఉండదు, తోక ఉండదు. చదివి కింది ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఆ తోక ఏమైందని నా సర్వీసులో ఒక్క పిల్లవాడూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ముఠా బయలుదేరే ముందు తల్లి స్కూలుకు వచ్చింది. గుమ్మం బయటే నిలబడి చెప్పాల్సింది చెప్పింది.

"పది దాటితే నర్సు చదువుకు పంపిస్తా మేడం. దాటలేదనుకో, నా పక్కన మిరప సాలు పట్టుకుంటాది. మా మేస్త్రమ్మ వచ్చే ఏడు కూలీల లెక్కలో దీన్ని ఇప్పుడే వేసుకున్నది. ఇంక నీ చేతిలో పని."

మా హెడ్మాస్టరు పక్కనుంచి విన్నారు. ఆయనకు బాధ్యత పంచడంలో మంచి నేర్పు ఉండేది. "ఆ అమ్మాయి మునిగితే మీ ఇంగ్లీషులోనే మునుగుతుంది మేడం. కాబట్టి మీరే చూసుకోండి" అన్నారు. అలా నేను ఫోను పాఠాలలోకి దిగాను.

ముఠాలో పాసేజీ ఫొటో చూడగలిగిన ఫోను ఒక్కటే ఉంది. అది ముఠాను నడిపించే మేస్త్రమ్మది. ఆ ఫోను ఒకసారి నీళ్ళ బకెట్లో పడిందట. అప్పటినుంచి చెవి దగ్గర పెట్టుకుంటే ఏమీ వినపడదు, స్పీకర్ పెడితే చేనంతా వినపడుతుంది. కాబట్టి నా పాఠం మొదటిరోజు నుంచే ముఠా మొత్తానికీ పాఠమైంది. వాళ్ళు చేలోంచి వచ్చి, రేకుల షెడ్డు ముందు పొయ్యిలు వెలిగించే వేళకు నేను ఫోను చేసేదాన్ని. పొద్దునే పాసేజీ ఫొటో పంపేదాన్ని. సాయంత్రం నేను చదవాలి, ఆమె తెలుగులో అర్థం చెప్పాలి, నేను ప్రశ్న వేయాలి, ఆమె ఇంగ్లీషులో జవాబు చెప్పాలి. ఇదీ ఏర్పాటు.

మొదటి పాసేజీ నాకు ఇప్పటికీ గుర్తు. ఒక చిన్న రైల్వే స్టేషను. ఒక ముసలాయన గుడ్డ సంచీ పట్టుకుని కూతురి కోసం ఎదురుచూస్తున్నాడు. బండి వచ్చింది. అందరూ దిగారు. కూతురు దిగలేదు. బండి వెళ్ళిపోయింది. ముసలాయన బెంచీ మీద కూర్చున్నాడు. అక్కడితో సరి. ముసలాయన ఎక్కడ కూర్చున్నాడు అని మొదటి ప్రశ్న. ఆమె యథాప్రకారం మొదటి వాక్యం అప్పజెప్పింది. నేను యథాప్రకారం తిట్టాను. ఎలాగో అన్నీ ముగించి ఫోను పెట్టేయబోతుంటే ఒక కొత్త గొంతు వినపడింది.

"మేడం, ఆ తర్వాత?"

"ఎవరమ్మా నువ్వు?"

"ముఠా మేస్త్రిని. ముసలాయన కూచున్నాడన్నావు గదా. బిడ్డ వచ్చిందా, రాలేదా?"

"పాసేజీ అంతేనమ్మా."

"అంతే అంటే ఎట్ల మేడం? ఆయన్ని బెంచీ మీద కూచోబెట్టి ఏడికి పోయినారు ఆ రాసినోళ్ళు?"

వెనక నుంచి ఇంకో ఆమె, "సంచీలో ఏముందో అదన్నా అడుగత్తా" అంది.

"సంచీలో ఏముందో పాసేజీలో లేదు" అన్నాను.

"పాసేజీలో లేకపోతే సంచీలో ఏమీ లేనట్టేనా?" అంది మేస్త్రమ్మ.

దీన్ని సిలబస్‌లో లేని ప్రశ్న అంటారని చెప్పి ఫోను పెట్టేశాను.

మరునాడు తేనెటీగల మీద పాసేజీ పంపాను. ఫోను ఎత్తగానే మేస్త్రమ్మ, "ముందు ఆ ముసలాయన సంగతి తేల్చు" అంది. నేను తేల్చలేదు. తేనెటీగల గురించి చదివాను. పొయ్యిలో కట్టెలు చిటపటమనడం తప్ప అటునుంచి చప్పుడు లేదు. అమ్మాయి జవాబులు కూడా అంతంతమాత్రం. వారమంతా ఇలాగే నడిచింది. నేను రోజుకొక కొత్త పాసేజీ పంపుతున్నాను, వాళ్ళు మాత్రం రైల్వే స్టేషను దాటి రావడంలేదు. చేలో సాళ్ళ మధ్య కూడా ఇదే చర్చట. కూతురు అలిగి రాలేదని కొందరు, అత్తగారు పంపలేదని కొందరు.

సోమవారం సాయంత్రం పాఠం మొదలుపెట్టకముందే అమ్మాయి నెమ్మదిగా చెప్పింది.

"మేడం, నిన్న ప్రార్థనలో ఆయన్ని కూడా జ్ఞాపకం చేసుకున్నారు."

"ఎవరిని?"

"బెంచీ మీదాయన్ని. బిడ్డ క్షేమంగా చేరాలని. పెద్దమ్మే మొదలుపెట్టింది." పెద్దమ్మ అంటే మేస్త్రమ్మ.

"అది కల్పించి రాసింది అని నువ్వు చెప్పలేదా?"

"చెప్పినా మేడం. కల్పించిందైతే మాత్రం బిడ్డ రావద్దా అన్నారు."

ఇంతకుముందు నేను చెప్పిన పాసేజీల్లో మనుషుల నుంచి ఎవరూ మార్కులు తప్ప ఇంకేమీ కోరలేదు. ఈయన కోసం ఒక ముఠా మోకాళ్ళ మీద నిలబడింది. అంతమంది ప్రార్థన చేస్తున్న మనిషిని బెంచీ మీద అలాగే వదిలేయడం నాకూ మంచిది కాదనిపించింది. రేపు చెప్తానని మాట ఇచ్చాను.

మాటయితే ఇచ్చాను గానీ నాకు కథ ఎక్కడిది? పొద్దున బస్సులో మా తెలుగు మాస్టారిని సలహా అడిగాను. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించారు. కూతురు తర్వాతి బండికి వస్తుంది, అప్పటికి తండ్రి బెంచీ మీదే ప్రాణం వదిలి ఉంటాడు, సంచీలో ఆమె చిన్నప్పటి గజ్జెలు ఉంటాయి అన్నారు. చెప్తూ చెప్తూ ఆయనే కళ్ళు తుడుచుకున్నారు. ఇది చెప్తే ఆ రోజు గుంటూరు జిల్లాలో మిరపకాయ తెగదు అన్నాను. పక్క సీటులో లెక్కల మాస్టారు పేపరు మీదినుంచి తల ఎత్తకుండా, "చంపడం ఎందుకండీ, తర్వాతి బండి ఉందంటున్నారు గదా, దానికి దింపేయండి" అన్నారు. ఆయన ఏ సమస్యనైనా రెండు మెట్లలో తేల్చేవారు.

ఆ సాయంత్రం మేస్త్రమ్మకు ఒక షరతు పెట్టాను. ముగింపు ఇంగ్లీషులోనే చెప్తాను, ఈ పిల్ల మీకు తెలుగులో చెప్తుంది, దానికి అర్థం కాకపోతే మీకు ముగింపు లేదు అన్నాను. వాళ్ళు విసిగి వదిలేస్తారని నా ఆశ. వాళ్ళు వదలలేదు. ఆ పిల్లను పట్టుకున్నారు.

ఒక వాక్యం చెప్పాను. "ఏందే, ఏమన్నదే?" అని అటు గోల. అమ్మాయి కంగారుపడి, "మేడం, ఎగైన్ ప్లీజ్" అంది. అయిదేళ్ళలో ఆమె నాతో తనంతట తాను మాట్లాడిన మొదటి ఇంగ్లీషు ముక్క అది. మళ్ళీ చెప్పాను. ఒక్కో వాక్యమే అటు చేరింది. సాయంత్రం ఇంకో బండి వచ్చింది, కూతురు దిగింది, ముసలాయన లేచి నిలబడ్డాడు, సంచీలోంచి జామకాయలు తీసి ఇచ్చాడు. అటు నుంచి ఒకటే సంతోషం. ఎవరో దేవునికి స్తోత్రం అన్నారు. అయినా విచారణ ఆగలేదు.

"ముందు బండి ఎందుకు తప్పిపోయిందంట? అడుగే."

అమ్మాయి అడిగింది. ప్రశ్నలో తప్పుంది. నేను దిద్దాను. ఆమె మళ్ళీ అడిగింది. ఇంకో తప్పు దొర్లింది. మళ్ళీ దిద్దాను. అప్పుడు అమ్మాయి తల్లి, ఎప్పుడూ నోరెత్తని మనిషి, "మేడం, ఆ బిడ్డ బండి తప్పిపోయి ఏడుస్తా ఉంటే నువ్వు మాట మాటకు ఆపుతావేంది?" అంది.

ఆ రోజు నుంచి ప్రతి పాసేజీకీ తోక కావలసి వచ్చింది. తేనెటీగలకు కూడా. బస్సులో మాకు అదే పని అయిపోయింది. తెలుగు మాస్టారు ఎవరినో ఒకరిని చంపేవారు, లెక్కల మాస్టారు బతికించేవారు. హెడ్మాస్టరు ఒకసారి మా బస్సులోనే వస్తూ, అన్ని కథల చివరా మంచి మార్కులతో పాసయ్యారని పెట్టమన్నారు. ముఠావాళ్ళకు కూడా అభిరుచులు ఉండేవి. తల్లీబిడ్డలను విడదీయకూడదు. పులి ఉంటే చావాలి. ముసలివాళ్ళకు కడుపు నిండాలి. ఇవన్నీ చూసుకుంటూ, సులువైన మాటలతో, వర్తమానకాలం భూతకాలం కలవకుండా నేను రోజుకొక ముగింపు కట్టాలి. నిజం చెప్పాలంటే అంత కష్టపడి నేను ఏ పాఠమూ తయారుచేయలేదు.

అమ్మాయిలో మార్పు నేను కొంచెం ఆలస్యంగా చూశాను. సాయంత్రం దాకా ముఠా ఆగేది కాదు. పొద్దున పాసేజీ రాగానే చేలో ఆమెతో చదివించి, ఇది ఎట్ల ముగుస్తుందో చెప్పమనేవారు. తప్పు చెప్తే ఊరుకోరు గదా. అందుకని ఆమె ప్రతి వాక్యాన్నీ తరచి చూడడం మొదలుపెట్టింది. ఒకరోజు, పాసేజీలో రాత్రిపూట ఇంటికొచ్చిన మనిషిని నేను దొంగను చేసి ముగించబోతే, నన్నే ఆపింది.

"మేడం, వాడు దొంగ కాలేడు. కుక్క అరవలేదని మూడో లైనులో ఉంది. కుక్క అరవలేదంటే తెలిసినోడే గదా?"

నేను మూడో లైను చూసుకున్నాను. ఉంది. నేనే గమనించలేదు. నాకు పట్టరాని సంతోషం వేసింది. మొదటి వాక్యం ఎత్తి రాసే పిల్ల మూడో లైను దగ్గర నన్ను నిలబెట్టింది.

మార్చిలో పరీక్షలకు అమ్మాయి ఊరికి వచ్చి పిన్నమ్మ ఇంట్లో దిగింది. కోత జోరుమీద ఉంది కాబట్టి తల్లి రాలేదు. ఇంగ్లీషు పరీక్షనాడు ఇంగ్లీషు టీచర్లను సెంటరులోకి రానివ్వరు. నేను గేటు బయట సోడా బండి గొడుగు కింద నిలబడ్డాను. గంట కొట్టారు. అమ్మాయి అందరికన్నా ముందు వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"పాసేజీ బాగ వచ్చింది మేడం. ఒకామె తప్పిపోయిన ఆవును వెతుక్కుంటా వానలో పోతాది. వాగు పొంగి ఉంటాది. అవతల గట్టు మీద గంట చప్పుడు వినపడుతాది. అంతే, అక్కడ ఆపినారు."

ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగాను. జవాబులు ఒక్కొక్కటే చెప్పింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నా సర్వీసు మొత్తంలో ఒక పిల్ల పాసేజీని అంత తప్పు లేకుండా రాసి రావడం నేను చూడలేదు. సోడా కొట్టించి ఇచ్చాను.

"లెటరు ఏమొచ్చింది?"

ఆమె సోడా సీసా వైపు చూసింది. "లెటరుకు టైము సాల్లేదు మేడం."

"గ్రామరు?"

"కొంచెం రాసినా."

"అంతసేపు లోపల ఏం చేశావే?"

"ఆవు వాగు అవతల ఉంది మేడం."

"ఉంటే?"

"దాన్ని ఇవతలికి తెచ్చేసరికి రెండు పేజీలు పట్టింది."

"ఎవరు తెమ్మన్నారు నిన్ను?"

"సాయంత్రం పెద్దమ్మోళ్ళు అడుగుతారు గదా మేడం. అది అట్ల వాగు అవతల ఉంటే నాకు కింది ప్రశ్నల మీదికి మనసు పోలేదు."

అంతలో నా ఫోను మోగింది. మేస్త్రమ్మ. చేలోంచే చేసింది. ఏ పాసేజీ వచ్చిందని అడిగింది. ఫోను అమ్మాయికి ఇచ్చాను. ఆమె నడిరోడ్డు మీద నిలబడి ఆవును మళ్ళీ వాగు దాటించింది. అటు చప్పట్లు. నేను ఫోను లాక్కుని, పిల్ల ఫెయిలవుతుంది, అడగనిదంతా రాసి అడిగింది వదిలేసింది అని అరిచాను.

"మంచిగనే రాసింది గదా మేడం" అంది మేస్త్రమ్మ.

"అడిగినదానికే మార్కులు వేస్తారమ్మా."

"అడగందానికి కూడా రాసిందంటే ఇంకా ఎక్కువ వెయ్యాల గదా?"

ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ముఠాలో ఉన్నట్టు నేను వినలేదు.

ఫలితాలు వచ్చాయి. అన్నీ పాసు, ఇంగ్లీషు పోయింది. అదీ కొద్దిలో. "నేను ముందే అన్నాను మేడం, మీ ఇంగ్లీషులోనే" అన్నారు హెడ్మాస్టరు. ముందే అన్న మాట నిజమైతే ఆయనకు ఒక తృప్తి. అప్పటికి అమ్మాయి మళ్ళీ ముఠాలోకి వెళ్ళిపోయి ఉంది. ఆఖరు కోత నడుస్తోంది. కబురు నేనే చెప్పాలి.

పాత వేళకే ఫోను చేశాను. పొయ్యిల చప్పుడు, గిన్నెల చప్పుడు వినపడ్డాయి. నాకు నాన్చి చెప్పడం రాదు. "ఇంగ్లీషు పోయిందమ్మా" అన్నాను. గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎవరో ముక్కు చీదుకున్నారు. అమ్మాయేమో.

తల్లి గొంతు నెమ్మదిగా వచ్చింది. "సరేలే మేడం. నువ్వు మాత్రం ఏం చేస్తావు. నా పక్కన సాలు పట్టుకుంటాదిలే. దానికి రాసిపెట్టింది అంతే."

"నువ్వుండవే" అంది మేస్త్రమ్మ. తర్వాత ఫోను దగ్గరగా తీసుకున్నట్టుంది, గొంతు పెద్దదైంది. అన్నాళ్ళూ మేడం అన్న మనిషి ఆ రోజు మొదటిసారి వరస కలిపింది. "అక్కా, ఆ తర్వాత?"

"ఏ తర్వాత?"

"పిల్ల ఫెయిలైంది. సరే. అక్కడ ఆపితే ఎట్ల? ఆ తర్వాత ఏంది?"

అంతే అనే మాట నా నోటి చివరదాకా వచ్చింది. ఉద్యోగమంతా ఆ మాటతోనే బతికాను. ఫెయిలైనవాళ్ళ పేర్లు బోర్డు మీద అతికించి, మరునాడు కొత్త క్లాసుకు పాఠం మొదలుపెట్టేదాన్ని. ఈసారి ఆ మాట అనలేకపోయాను. అటు అందరూ వింటున్నారు. ఆ పిల్ల ఏడుపు ఆపి వింటోంది.

"తర్వాతి బండి ఉంది" అన్నాను. "వచ్చే నెల సప్లిమెంటరీ పరీక్ష. ఇంగ్లీషు ఒక్కటే రాయాలి. కానీ పిల్ల రేపే బయలుదేరి రావాలి."

"దాని సాలు ఎవరు కోస్తారు?" అంది తల్లి.

"మేం ఇంతమందిమి లేమా, తలాకాస్త కోస్తాం" అంది మేస్త్రమ్మ. వచ్చే ఏడు లెక్కలో ఆ పిల్లను వేసుకున్నది ఆమే. తీసేసింది కూడా ఆమే. "అక్కా, ఈసారి మాత్రం దానికి గట్టిగ చెప్పు. ఆవు వాగులో కొట్టుకుపోయినా సరే, ముందు లెటరు రాయమను. ముగింపు మాకు నోటితో చెప్తే సాలు."

అమ్మాయి వచ్చింది. ఎండాకాలం సెలవుల్లో మా ఇంటి వరండాలో రోజూ లెటర్లు రాయించాను, గ్రామరు చేయించాను. నిలబెట్టలేదు. సప్లిమెంటరీనాడు కూడా ఆ సోడా బండి దగ్గరే నిలబడ్డాను. ఈసారి అమ్మాయి అందరికన్నా వెనక వచ్చింది, చేతులనిండా ఇంకు. లెటరు రాశానంది. గ్రామరు మొత్తం రాశానంది. పాసేజీ ఆఖర్న రాశానంది. పాసేజీలో ఒక పిల్లవాడు బావిలోకి తొంగిచూస్తూ ఉంటాడట, అక్కడ ఆపేశారట.

"వాణ్ణి ఏం చేశావు?" అని అడిగాను.

"ఏమీ రాయలేదు మేడం. లోపలే పెట్టుకున్నా" అంటూ నా చేతిలో ఫోను తీసుకుంది. పెద్దమ్మకు ఫోను చేసి ఆ పిల్లవాణ్ణి బావి దగ్గర నుంచి జాగ్రత్తగా పక్కకు తీసింది. నేనూ విన్నాను. బాగానే తీసింది.

ఇంగ్లీషు పాసైంది. తల్లి మాట నిలబెట్టుకుంది. ఇప్పుడా అమ్మాయి నర్సింగు చదువుతోంది. ఆదివారాలు ఒకే కాల్లో నన్నూ మేస్త్రమ్మనూ కలిపి వార్డు సంగతులు చెప్తుంది. మొన్న ఒక పెద్దాయన గురించి చెప్పింది. ఆపరేషనుకు ఒప్పుకోవడంలేదట, కొడుకు వస్తే గానీ సంతకం పెట్టనంటున్నాడట. కొడుకు వచ్చాడా అని అడిగేలోపలే, డ్యూటీ ఉంది మేడం అని పెట్టేసింది.

కాల్లో మేమిద్దరమే మిగిలాం. "అక్కా, ఆ తర్వాత?" అంది మేస్త్రమ్మ.

నాకూ తెలియదు. తెలియదంటే ఆమె ఒప్పుకోదు. తర్వాతి బండికి వస్తాడులే అన్నాను. అన్నానే గానీ, ఈ ఆదివారం ఎప్పుడు వస్తుందా అని నేనూ ఆ బెంచీ మీదే కూర్చుని ఉన్నాను.